డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి

ముత్తులక్ష్మిగారు 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు అచ్చటి మహారాజా కళాశాలకు అధ్యక్షులు. ఆమె బాలుర కళాశాలలో చేరదలచినప్పుడు ఊరివారు కొందరు అభ్యంతరపెట్టిరి. మహారాజు అనుమతించుటచే చదువు సాగినది. 1912లో మద్రాసు వైద్య కళాశాలనుండి పట్టము పొందిరి. 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడిరి. 1927లో మద్రాసు శాసనమండలి సభ్యురాలై, ఉపాధ్యక్షపదవి నిర్వహించి, దేవదాసీ దురాచారమును మాన్పుటకు పాటుపడిరి. ఈ సంగతులు పెక్కు పుస్తకములలో దొరకును. మేము చెప్పదలచినది వేరొకటి.

1923లో ఆమె చెల్లెలు క్యాన్సరుతో మరణించిరి. మన పెద్దలు రాచపుండు అనునది ఈ వ్యాధినే. తాము వైద్యురాలై యుండియు తోబుట్టువును దక్కించుకొనలేకపోయిరి. ఆ దుఃఖమును వారు మరువలేదు. 1935లో వైద్య కళాశాల శతజయంతి సందర్భమున క్యాన్సరుకు ప్రత్యేకముగా ఆసుపత్రి కావలెనని కోరిరి. నయముకాని జబ్బునకు ఆసుపత్రి యేల యని చాలమంది తలచుచుండిన కాలమది. చందాలు ప్రోగుచేసి, ఏండ్ల తరబడి తిరుగగా, 1952లో నెహ్రూగారిచే శంకుస్థాపన జరిగినది. 1954లో అడయారులో 12 మంచములతో ఆసుపత్రి ఆరంభమైనది. అప్పటికామె డెబ్బదవ యేటికి చేరువలో నుండిరి. 1968 జూలై 22న దివంగతులైరి.

అట్టి ఆసుపత్రులకు వచ్చు స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు గలవారు మెండు. దానికి మూలమేమో ముత్తులక్ష్మిగారి జీవితకాలమున తెలియరాలేదు. అది హ్యూమన్ పాపిలోమా వైరసు వలన కలుగునని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞులు హెరాల్డ్ సుర్ హాసెన్‌గారికి 2008లో నోబెలు బహుమానము లభించినది. ఈ వైరసు దాంపత్య సంపర్కముచేతను వ్యాపించును. స్త్రీపురుషులలో పెక్కుమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకును గనుక ఇది తప్పునడతకు గుర్తు కాదు. చాలమందిలో శరీరమే దానిని తొలగించుకొనును. కొందరిలో నిలిచిపోయి, 15 మొదలు 20 ఏండ్లకు క్యాన్సరుగా మారును. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలలో రోగనిరోధకశక్తి తగ్గుటచే వైరసు నిలుచుట ఎక్కువ. వారికి ఈ క్యాన్సరు ప్రమాదము ఇతర స్త్రీలకంటె ఆరు రెట్లు. చికిత్స లేనిచో 5 మొదలు 10 ఏండ్లలోనే ముదురవచ్చును. అందుచే ఇతరులు 30వ యేట పరీక్ష మొదలిడవలెనని, హెచ్.ఐ.వి. గలవారు 25వ యేటనే మొదలిడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు, అనగా మా తరగతులలో కూర్చుండు పిల్లలకే, నివారణకు టీకా కలదు.

ఈ మాటలు తరగతిలో చెప్పుటకు మేమును జంకినవారమే. పీణ్య కర్మాగారములలో పనిచేయు తల్లులు అకాల రక్తస్రావమును దాచుకొని, తిరిగి యంత్రము వద్ద నిలుచుట మేమెరుగుదుము. పరీక్షకై వారు అడయారు దాక పోనక్కరలేదు. 1973లో ఏర్పడిన కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థ ఈ బెంగళూరుననే యున్నది.