పండుగ మర్నాడు కూడా తెరిచి ఉన్న తలుపు: పండిత రమాబాయి

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో విధవరాండ్రకు చీరలు, దుప్పట్లు పంచుతాం. మంచి పనే. అయితే పండుగ మర్నాడు ఆ సహోదరి ఎవరి గడప తొక్కాలి? ఈ ప్రశ్నకు తన బ్రతుకంతా జవాబుగా అర్పించిన పండిత రమాబాయిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

రమాబాయి 1858లో మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి లోకాచారాన్ని కాదని భార్యకు సంస్కృతం నేర్పితే, ఆ తల్లి కుమార్తెకు నేర్పింది. పుణ్యక్షేత్రాల్లో పురాణాలు చెప్పి జీవించిన ఆ కుటుంబాన్ని కరవు మింగేసింది. తండ్రి మన తిరుపతి ప్రాంతంలోనే కన్నుమూశారు. కొద్దికాలానికే తల్లి, అక్క కూడా పోయారు. అన్నతో కలిసి దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరిన రమాబాయికి అక్కడి పండితులు పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో బిపిన్ బిహారీ మేధావితో వివాహమైంది. రెండేళ్లు నిండకముందే ఆయన మరణించడంతో, పసిబిడ్డ మనోరమతో ఆమె విధవరాలయ్యారు.

1883లో ఇంగ్లండు వెళ్లినప్పుడు, సమాజం వెలివేసిన స్త్రీలను అక్కడి క్రైస్తవ సహోదరీలు ఆదరించడం చూశారు. సమరయ స్త్రీతో ప్రభువు మాట్లాడిన సంగతి ఆమె హృదయాన్ని తాకింది. ఆ ఏడే బాప్తిస్మం పొందారు.

1889లో బొంబాయిలో విధవరాండ్ర కోసం శారదా సదన్ తెరిచారు. అది మరుసటి ఏడు పూణెకు మారింది. కొందరు బాలికలు క్రీస్తు వైపు తిరగగానే పలుకుబడిగల మద్దతుదారులు తప్పుకున్నారు, తలిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు. ఆమె పని ఆపలేదు. 1896లో మొదలైన కరవులో మధ్య పరగణాలకు వెళ్లి వందలాది అనాథ స్త్రీలను, బాలికలను కెడ్గాం తీసుకొచ్చారు. అదే ముక్తి మిషన్. అక్కడ వారు చదువుతోపాటు నేతపని, వ్యవసాయం, ముద్రణ నేర్చుకున్నారు. మోసపోయిన స్త్రీలకు కృపా సదన్, అంధులకు వేరొక గృహం ఉండేవి. రమాబాయి హెబ్రీ, గ్రీకు నేర్చి మరాఠీలోకి అనువదించిన బైబిలును ముక్తి స్త్రీలే అచ్చువేశారు. 1921లో మనోరమ, 1922 ఏప్రిల్ 5న రమాబాయి ప్రభువునందు నిద్రించారు. ముక్తి ఈనాటికీ నడుస్తోంది.

విధవరాలికి మనం సులభంగానే చీర ఇస్తాం. భర్త దెబ్బలకు ఇల్లు వదిలిన స్త్రీ, పెళ్లికాకుండా గర్భవతియైన పిల్ల మన గుడి మెట్లెక్కితే ఏం చేస్తాం? మరియమ్మ కూడా ఒకప్పుడు లోకం దృష్టికి అలాంటి పిల్లే కదా. ఆమెకు సత్రంలో స్థలం దొరకలేదని ఏటేటా ప్రసంగిస్తున్నాం. ఈ క్రిస్మస్ కానుకల్లో ఒక భాగం జనవరి కోసం దాచి, అలాంటి ఒక్క సహోదరికి ఇంటి అద్దె, ఒక బాలికకు హాస్టలు ఫీజు, ఒకరికి కుట్టుమిషను సమకూర్చుదాం. సంఘం చిన్నదైనా ఒక తలుపు తెరవగలదు.