అర్థం ఎవరి సొత్తు? జాక్ డెరిడా కథ

మనవాళ్ళు నలుగురు చేరి సాహిత్యం మాట్లాడుకునే చోట వాదన ముదిరితే, ఎవరి అర్థం వాళ్ళది అని ఒకరు తేల్చేస్తారు. కాస్త చదువుకున్నవాళ్ళయితే దానికి డెరిడా పేరు, డీకన్‌స్ట్రక్షన్ అనే మాట జోడిస్తారు. తెలుగులో కొందరు వినిర్మాణం అంటున్నది దీన్నే. పగలంతా కోడ్ రాసుకునే నాకు ఈ తీర్పు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఒకే స్పెసిఫికేషన్‌ని ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం మా ఆఫీసులో మామూలే. అలాగని రెండూ సమానమే అని ఎవరూ ఊరుకోరు. ఏ వాక్యం వల్ల అలా అనుకున్నావో చూపించమంటారు. డెరిడా జీవితం, ఆయన రాసినవి కొన్ని వెతికి చదివాక తెలిసింది, ఆయన కూడా వాక్యం చూపించమనే రకమే.

డెరిడా 1930 జులై 15న అల్జీర్స్ నగరం దగ్గర ఎల్ బియార్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడు అల్జీరియా ఫ్రాన్సు పాలనలో ఉండేది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జాకీ. రచయిత అయ్యాక దాన్ని జాక్ అని మార్చుకున్నాడు. 1940లో ఫ్రాన్సులోని విషీ ప్రభుత్వం అల్జీరియా యూదుల పౌరసత్వాన్ని రద్దు చేసింది. 1942లో బడి తెరిచిన రోజునే, యూదు పిల్లల కోటా తగ్గించామంటూ పన్నెండేళ్ళ జాకీని ఇంటికి పంపేశారు. కాగితం మీద మాటలు మనిషిని ఎంత దూరం నెట్టగలవో ఆ పిల్లవాడికి అప్పుడే తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

1949లో పై చదువులకి పారిస్ వెళ్ళాడు. అక్కడి ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో సీటు అంటే మన ఐఐటీ సీటు లాంటిది. రెండుసార్లు తప్పి, మూడోసారి 1952లో గట్టెక్కాడు. 1956లో ఏడాది పాటు హార్వర్డ్‌కి వచ్చాడు. మార్గరీట్‌తో పెళ్ళి కూడా 1957లో ఇక్కడే, అమెరికాలోనే జరిగింది. 1964 నుంచి ఇరవయ్యేళ్ళు తను చదివిన ఎకోల్ నార్మల్‌లోనే పాఠాలు చెప్పాడు.

పేరు మాత్రం అమెరికాలోనే మొదలైంది. 1966 అక్టోబరులో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఒక సదస్సు జరిగింది. ఫ్రాన్సులో వెలుగుతున్న స్ట్రక్చరలిజాన్ని ఇక్కడివాళ్ళకి పరిచయం చేయడం దాని ఉద్దేశం. డెరిడా వచ్చి ఆ సిద్ధాంతం పునాదినే ప్రశ్నించి వెళ్ళాడు. మరుసటి ఏడాది, 1967లో, మూడు పుస్తకాలు ఒకేసారి వచ్చాయి. వాటిలో ముఖ్యమైన ఆఫ్ గ్రామటాలజీని 1976లో ఇంగ్లీషులోకి తెచ్చింది కలకత్తా నుంచి అమెరికా వచ్చిన గాయత్రీ చక్రవర్తి స్పివాక్.

ఆ పుస్తకంలో ఆయన రూసోని చదివిన తీరు చూడండి. రూసో దృష్టిలో నోటిమాట సహజమైనది, రాత దానికి తగిలించిన సప్లిమెంట్. ఫ్రెంచిలో ఆ పదానికి అదనంగా చేర్చేది అనే కాక, లోటు పూడ్చేది అనే అర్థం కూడా ఉంది. ఏ లోటూ లేని దానికి పూడ్చేదెందుకు? నోటిమాటలో కూడా లోటు ఉందని రూసో వాక్యాలే ఒప్పుకుంటున్నాయని డెరిడా వాదన. రూసో ఆ పదాన్ని ఎక్కడెక్కడ వాడాడో ఓపిగ్గా వరసపెట్టి చూపించాడు.

అదే పుస్తకంలో మనవాళ్ళు మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. రచనని దాని భాషలో, దాని కాలంలో పెట్టి చదివే సంప్రదాయ వ్యాఖ్యానం పిట్టగోడ లాంటిదని, అది లేకపోతే ఎవరైనా ఏదైనా అనేయొచ్చని ఆయన ఒప్పుకున్నాడు. కాళిదాసుకి మన మల్లినాథసూరి కట్టింది అలాంటి గోడే. కాకపోతే గోడ పడిపోకుండా కాపాడుతుంది, కొత్త దారి చూపించదు అన్నది డెరిడా మాట.

బొమ్మల విషయంలోనూ అంతే. వాన్ గో 1886లో పాత బూట్ల బొమ్మ ఒకటి వేశాడు. జర్మన్ తాత్వికుడు హైడెగర్ అవి ఒక రైతు స్త్రీవని, వాటిలో ఆమె బతుకంతా కనిపిస్తోందని రాశాడు. 1968లో న్యూయార్క్ ప్రొఫెసర్ మేయర్ షపీరో అవి వాన్ గో సొంత బూట్లేనని వాదించాడు. 1978లో డెరిడా ఇద్దరినీ కలిపి అడిగాడు. అసలవి ఒక జత అని మీకెవరు చెప్పారు? రెండూ ఎడమకాలివే కావచ్చుగా? ఎవరో ఒకరికి అప్పగించేయాలన్న తొందరెందుకు?

ఆయనకి విరోధులు తక్కువేం కాదు. 1992లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేటు ఇవ్వబోతే గొడవై ఓటింగు దాకా వెళ్ళింది. 336 మంది అవునన్నారు, 204 మంది కాదన్నారు. కానీ అసలు పరీక్ష అంతకు ముందే ఎదురైంది. బాల్టిమోర్ సదస్సులో స్నేహితుడైన పాల్ డి మాన్ తర్వాత యేల్‌లో వినిర్మాణానికి పెద్ద దిక్కయ్యాడు, 1983లో పోయాడు. యుద్ధకాలంలో నాజీల అదుపులో ఉన్న బెల్జియం పత్రికకి ఆయన వ్యాసాలు రాశాడని 1987లో బయటపడింది. 1941 నాటి ఒక వ్యాసంలో, యూదులను పంపించేసినా యూరప్ సాహిత్యానికి నష్టం లేదన్నాడు. యూదుడని బడి నుంచి గెంటించుకున్న డెరిడా ఆ వాక్యాలని ఖండించాడు. కానీ అదే వ్యాసంలో వాటికి ఎదురు తిరిగే అర్థాలు కూడా ఉన్నాయని వాదించాడు.

అక్కడ స్నేహం ఆయన చూపుకి అడ్డొచ్చిందని నా అభిప్రాయం. ఆ మాట నేను అనగలుగుతున్నది ఆయన చెప్పిన పిట్టగోడని పట్టుకునే. 1941లో బ్రస్సెల్స్‌లో ఆ పత్రిక విప్పిన యూదుడికి ఆ వాక్యం ఏమని వినిపించి ఉంటుంది? ఎవరి అర్థం వాళ్ళది అనేస్తే ఈ ప్రశ్న అడగడానికే వీల్లేదు. మన అర్థం మనం చెప్పుకునే హక్కు ఉంది. ఏ వాక్యం చూసి అన్నావు అని ఎదుటివాడు అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా దానితోనే వస్తుంది.

డెరిడా 2004 అక్టోబరు 9న పారిస్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. షపీరో గుర్తించిన ఆ బూట్ల బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. ఇండియా ప్రయాణంలో అక్కడ ఓ రోజు ఆగే వీలుంటే వెళ్ళి చూడండి. అవి ఎవరివో చెప్పే ముందు, జతో కాదో కాస్త పరీక్షగా చూడండి.