సముద్రానికి అభయమిచ్చిన మన గణపతిదేవుడు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వచ్చి హాస్టల్‌లో చదువుకున్న మాలో చాలామందికి సముద్రమంటే పుస్తకంలోని బొమ్మే. మాకు తెలిసిన సముద్రం గణపురంలోని గణపసముద్రం చెరువు. ఆ పేరులో నిలిచిన కాకతీయ గణపతిదేవుడు మాత్రం ఓరుగల్లు నుంచి అసలు సముద్రతీరం దాకా పాలించాడు.

ఆయన జీవితం కష్టాలతో మొదలైంది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించాడు. గణపతిదేవుడు వారికి బందీగా చిక్కాడు. ఆ సమయంలో రాజ్యాన్ని సేనాని రేచర్ల రుద్రుడు కాపాడాడు. విడుదలై 1199లో సింహాసనం ఎక్కిన గణపతిదేవుడు 1262 వరకు పాలించాడు.

తీరప్రాంతంలో ఆయన సాధించిన విజయాల్లో దివిసీమ ముఖ్యమైనది. అది కృష్ణానది సముద్రంలో కలిసేచోట నీళ్ళ నడుమ ఉన్న దీవి. గెలిచాక ఆ సీమను దాని పాలకుడు పినచోడికే తిరిగి ఇచ్చాడు. ఆయన కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. కుమారుడు జాయపను గజసేనానిని చేశాడు. నృత్తరత్నావళి రాసింది ఈ జాయపసేనానే.

ఆ రోజుల్లో తుఫానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలను రాజులే లాక్కునేవారు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి ఈ దోపిడీని ఆపాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతులపై ఆ సుంకం 30వ వంతు. నమ్మకం ఉన్నచోటికే ఓడలు వస్తాయని ఆయన గ్రహించాడు. ఆయన కుమార్తె రుద్రమదేవి కాలంలోనూ మోటుపల్లి వెలిగింది. మార్కోపోలో తన యాత్రా కథనంలో ఆ రేవు గురించి చెప్పాడు.

ఆ ఓడలు ఇప్పుడు లేవు. బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయంలోని శాసనం ఉండబట్టే ఈ సంగతి మనకు తెలిసింది. మాలో ఎందరి తాతముత్తాతల కష్టమో ఏ రాతి మీదా, ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఇంట్లో మొదటగా చదువుకున్న మాకు రాసిపెట్టిన అక్షరం విలువ బాగా తెలుసు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! గణపురం కోటగుళ్ళకు వెళ్తే ఆ రాళ్ళ మీద మన పేర్లు చెక్కవద్దు. మన ఊరి పొలం గట్టున శాసనం కనిపిస్తే దాన్ని బట్టలు ఉతికే బండ కానివ్వకుండా ఊరి పెద్దలకు, ఉపాధ్యాయులకు చూపిద్దాం. అది పగిలితే మన ఊరి చరిత్రలో ఒక పేజీ చిరిగినట్టే.