ఎవరెస్టు ఎత్తు లెక్క కట్టిన రాధానాథ్ సిక్దార్

పదో తరగతిలో మనకు త్రికోణమితి అంటే గోపురం, గాలిపటం, లైట్‌హౌస్. దూరాన్ని ఊర్ధ్వకోణం టాన్‌తో గుణిస్తే ఎత్తు వచ్చేసేది. అదే లెక్క నూరు మైళ్లకు పైగా దూరంలో ఉన్న కొండకు చేయాలంటే? ఆ పనిలో జీవితం గడిపిన మనిషి రాధానాథ్ సిక్దార్.

ఆయన 1813లో కలకత్తాలోని జొరాసాంకోలో పుట్టారు. హిందూ కాలేజీలో చదివి, 1831లో గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వేలో నెలకు 30 రూపాయల జీతానికి 'కంప్యూటర్'గా చేరారు. ఆ రోజుల్లో కంప్యూటరంటే యంత్రం కాదు, కాగితం కలంతో లెక్కలు కట్టే ఉద్యోగి. 1843లో డెహ్రాడూన్ మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత వెట్టిచాకిరీ చేయించుకుంటే ఎదురు తిరిగారు. 200 రూపాయల జరిమానా పడింది. 1849 నాటికి కలకత్తాలో ముఖ్య గణకుడయ్యారు.

నేపాల్‌లోకి ప్రవేశం లేక సర్వే వాళ్లు బీహారు మైదానంలోని ఆరు చోట్ల నుంచి 'పీక్ 15'ను థియోడలైట్‌తో చూశారు. కోణం రెండు డిగ్రీల దగ్గర. 110 మైళ్ల దూరంలో ఒక్క నిమిషం కోణం తప్పితే ఎత్తు దాదాపు 170 అడుగులు తప్పుతుంది. పైగా భూమి గుండ్రం కాబట్టి అంత దూరాన శిఖరం దాదాపు 8,000 అడుగులు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. గాలిలో కాంతి వంగి మళ్లీ వెయ్యి అడుగులకు పైగా లేపి చూపిస్తుంది. ఆ వంపు పూటపూటకూ మారుతుంది. మన పాఠ్యపుస్తకంలో లేని అసలు కష్టం ఇదే. ఆరు చోట్ల ఫలితాలు సుమారు 28,990 నుంచి 29,026 అడుగుల మధ్య వచ్చాయి, సగటు 29,002. నిజానికి 29,000 వస్తే జనం నమ్మరని రెండు కలిపారనే కథ ఒకటుంది గానీ, ఆ ఆరు అంకెలూ కూడి చూస్తే కథ అక్కర్లేదు. 2020లో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే తేడా ముప్పై అడుగులు!

శిఖరాన్ని ఆయన ఒక్కరే కనుగొన్నారనడం మాత్రం అతిశయోక్తి. ఎండలో వానలో కోణాలు కొలిచిన వాళ్లు వేరే ఉన్నారు. కానీ 1843లోనే రిటైరైన జార్జ్ ఎవరెస్టు పేరు కొండకు దక్కింది, లెక్కలు కట్టినవాళ్లలో ఎవరి పేరూ దక్కలేదు.

సిక్దార్ 1854లో మిత్రుడు ప్యారీచాంద్ మిత్రతో కలిసి ఆడవాళ్లు కూడా చదవగలిగే తేలిక బెంగాలీలో ఒక మాసపత్రిక నడిపారు. 1862లో రిటైరయ్యాక లెక్కల పాఠాలు చెప్పారు. 1870లో చందర్‌నగర్‌లో కన్నుమూశారు.

1851లో వచ్చిన సర్వే మాన్యువల్లో సాంకేతిక అధ్యాయాలు ఆయనవి, ముందుమాటలో ఆ సంగతి ఒప్పుకున్నారు కూడా. 1875 ముద్రణలో అధ్యాయాలు ఉంచి పేరు తీసేశారు. దాని మీద ఒక ఇంగ్లిషు పత్రిక గట్టిగానే నిలదీసింది. 2004లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.