ప్రశ్నే ఆయన పదవి – వావిలాల గోపాలకృష్ణయ్య

మన హాస్టల్లో ఇప్పుడున్న తమ్ముళ్లలో వావిలాల గారి పేరు విన్నవారు కొద్దిమందే ఉంటారు. సత్తెనపల్లి వైపు తాతలను అడిగితే చెబుతారు. ఖద్దరు బట్టలు, భుజాన గుడ్డసంచి. ఆంధ్రా గాంధీ అనేవారు.

ఆయన 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. గ్రంథాలయోద్యమంలో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో సత్తెనపల్లి నుంచి శాసనసభకు గెలిచారు. ఏనాడూ మంత్రి కాలేదు.

వెనుక పెద్ద పార్టీ లేని సభ్యునికి సభలో ఏం బలం ఉంటుంది? ప్రశ్న ఉంటుంది. సభలో ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది. సభ్యుడు ముందుగా ప్రశ్న రాసి పంపాలి. నక్షత్రపు గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా ఇస్తే చాలు. అసలు పదును అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది. ఫలానా తాలూకాలో ఎందరికి పింఛను మంజూరైంది అంటే మంత్రి కాగితం చూసి అంకె చదువుతారు. దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తోసేశారు, ఎందుకు అని వెంటనే అడిగితే కాగితం చాలదు. శాఖ అంతా కదలాలి. బడ్జెట్లో సాంఘిక సంక్షేమ పద్దు కూడా సభ ఓటు వేస్తేనే ఖర్చవుతుంది. అప్పుడు కోత తీర్మానం పెట్టి లోపాలు ఎత్తిచూపవచ్చు. మన మెస్ చార్జీలు కూడా ఆ పద్దులోవే. మా రోజుల్లో బిల్లు ఆలస్యమైతే కిరాణా షాపాయన మొహం చూడలేకపోయేవాళ్లం. ఆ ఆలస్యం గురించి సభలో అడగవచ్చని మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

వావిలాల గారు సభలో ఉన్న కాలంలోనే, 1960లో, దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. వృద్ధాప్య పింఛన్లు రాష్ట్రంలో ఆయన హయాంలోనే మొదలయ్యాయి. పథకం పెట్టడం ప్రభుత్వం పని. అది మారుమూల పల్లెలో ముసలమ్మ చేతికి అందిందా లేదా అని వెంటపడడం సభ్యుల పని. ఈ రెండూ ఉంటేనే సంక్షేమం నడుస్తుంది.

నందికొండ ప్రాజెక్టు కోసం కూడా వావిలాల గారు గట్టిగా పోరాడారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ అదే. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్ట భూములకు నీళ్లు తెచ్చింది. మన అమ్మానాన్నల్లో ఎందరో పత్తి తీతకు, మిరపకాయల కోతకు వెళ్లింది ఆ ఆయకట్టు చేలకే. నీళ్లొచ్చినా భూమి అందరికీ రాలేదు, అది వేరే కథ.

నాకు అన్నిటికన్నా నచ్చింది భాష సంగతి. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి వావిలాల గారే తొలి అధ్యక్షుడు. పింఛను ఎందుకు ఆపారో ఇంగ్లీషులో రాసి చేతిలో పెడితే ఆ ముసలమ్మ ఎవరిని అడగాలి? కాగితం చదవగలిగితేనే కదా ప్రశ్న పుట్టేది.

1992లో పద్మభూషణ్ వచ్చింది. ముసలితనంలో కూడా సారాకు, మద్యానికి వ్యతిరేకంగా తిరిగారు. 2003 ఏప్రిల్ 29న కన్నుమూశారు. శాసనసభ చర్చల పాత సంపుటాల్లో ఆయన మాటలు అచ్చులో ఉన్నాయి. హైదరాబాదులో చదువుతున్న మన పూర్వ విద్యార్థులు ఎవరైనా వాటిని చూసి, హాస్టళ్ల గురించి వచ్చిన ప్రశ్నలు రాసి పంపితే వచ్చే సంచికలో వేసుకుందాం.