క్నూడ్ రాస్ముసెన్

క్నూడ్ రాస్ముసెన్ (జూన్ 7, 1879 - డిసెంబర్ 21, 1933) గ్రీన్‌లాండ్‌లో జన్మించిన ప్రముఖ ధ్రువ ప్రాంత అన్వేషకుడు, మానవశాస్త్ర పరిశోధకుడు, రచయిత. ఉత్తర గ్రీన్‌లాండ్ పటాన్ని సరిదిద్దిన వారిలో ఇతడు ముఖ్యుడు. గ్రీన్‌లాండ్ నుండి అలాస్కా వరకు నివసించే ఇన్యూట్ ప్రజల గాథలను, పాటలను, విశ్వాసాలను వారి భాషలోనే విని గ్రంథస్థం చేశాడు. అమెరికా ఖండపు ఉత్తర తీరం వెంబడి కుక్కలు లాగే స్లెడ్జి బండిపై ప్రయాణించి వాయవ్య జలమార్గ ప్రాంతాన్ని దాటిన తొలి ఐరోపా అన్వేషకుడిగా ప్రసిద్ధుడు.

బాల్యము, విద్యాభ్యాసము

రాస్ముసెన్ పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావన్ (ప్రస్తుత నామం ఇలులిస్సాట్) అనే ఊరిలో జన్మించాడు. తండ్రి క్రిస్టియన్ రాస్ముసెన్ డెన్మార్క్ దేశానికి చెందిన క్రైస్తవ మతాచార్యుడు. తల్లి లొవీస్ ఫ్లైషర్ పూర్వీకులలో డేనిష్ వారు, ఇన్యూట్‌లు ఇరువురూ ఉన్నారు. బాల్యంలో స్థానిక పిల్లలతో కలిసి ఆడుకుంటూ గ్రీన్‌లాండ్ భాషను మాతృభాషగా నేర్చుకున్నాడు. వేటాడటం, కుక్కలబండి నడపటం కూడా అప్పుడే అలవడ్డాయి. ఇతర అన్వేషకులు ఎన్నో ఏళ్ళు శ్రమించినా పూర్తిగా సాధించలేని ఈ నేర్పులు ఇతనికి పుట్టిన ఊరిలోనే లభించాయి.

పైచదువుల కొరకు డెన్మార్క్ వెళ్ళాడు. యౌవనంలో నటుడు, గాయకుడు కావాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. ఆ తరువాత ఇతని దృష్టి తిరిగి జన్మభూమి వైపు మళ్ళింది.

సాహిత్య యాత్ర (1902-1904)

లుడ్విగ్ మిలియస్-ఎరిక్సెన్ నాయకత్వంలో డేనిష్ సాహిత్య యాత్ర అనే పేరుతో ఒక బృందం గ్రీన్‌లాండ్‌కు బయలుదేరింది. రాస్ముసెన్‌తో పాటు చిత్రకారుడు హెరాల్డ్ మోల్ట్కె, రాస్ముసెన్ బాల్యమిత్రుడు యోర్గెన్ బ్రోన్లుండ్ ఇందులో సభ్యులు. మెల్విల్ అఖాతం దాటి వీరు కేప్ యార్క్ ప్రాంతంలోని ధ్రువ ఇన్యూట్‌లను చేరుకున్నారు. అప్పటికి ఆ ప్రజల సంఖ్య కొద్ది వందలకు మించదు. వారి జీవన విధానాన్ని వర్ణిస్తూ రాస్ముసెన్ వ్రాసిన పుస్తకాలు ఇతనికి మంచి పేరు తెచ్చాయి.

తూలే కేంద్రము

1910లో రాస్ముసెన్ తన మిత్రుడు పీటర్ ఫ్రాయ్‌ఖెన్‌తో కలిసి కేప్ యార్క్ ప్రాంతంలో ఒక వర్తక కేంద్రాన్ని నెలకొల్పి దానికి తూలే అని పేరు పెట్టాడు. లోకానికి ఉత్తరాన చిట్టచివర ఉన్నదని ప్రాచీన గ్రీకు, రోమను రచయితలు చెప్పిన భూమి పేరు ఇది. వేటగాళ్ళు తెచ్చే నక్కతోళ్ళకు బదులుగా తుపాకులు, ఇనుప పనిముట్లు మొదలైనవి ఇక్కడ ఇచ్చేవారు. ఆ వర్తకంపై వచ్చిన లాభంతోనే యాత్రలకు చాలావరకు ఖర్చు గడిచేది. 1912 నుండి 1933 వరకు సాగిన ఏడు యాత్రలకు తూలే యాత్రలు అనే పేరు ఈ కేంద్రం వల్లనే వచ్చింది.

మొదటి తూలే యాత్ర (1912)

అమెరికా అన్వేషకుడు రాబర్ట్ పియరీ 1892 నాటి తన యాత్రను బట్టి ఉత్తర గ్రీన్‌లాండ్‌లో తూర్పు పడమరలుగా ఒక జలసంధి ఉన్నదని పటంలో చూపాడు. ఈ పటంలోని పొరపాట్లు ప్రాణాంతకమయ్యాయి. 1907లో ఈశాన్య గ్రీన్‌లాండ్ తీరాన్ని పరిశీలిస్తూ దారి పొడిగిపోయి, ఆహారం చాలక మిలియస్-ఎరిక్సెన్, హోగ్ హాగెన్, బ్రోన్లుండ్ ముగ్గురూ మరణించారు. వీరిలో ఇద్దరు రాస్ముసెన్‌కు సాహిత్య యాత్రలో సహచరులు.

1912లో రాస్ముసెన్, ఫ్రాయ్‌ఖెన్, ఇద్దరు ఇన్యూట్ వేటగాళ్ళు ఉల్లోరియాక్, ఇనుకిత్సోక్ హిమఫలకాన్ని అడ్డంగా దాటి ఆ ప్రాంతానికి చేరుకున్నారు. మార్గంలో ఆకలితో ప్రాణాపాయ స్థితిని ఎదుర్కొన్నారు. పియరీ చూపిన చోట జలసంధి లేదని, అక్కడ ఉన్నది భూమేనని ఈ యాత్ర నిర్ధారించింది.

రెండవ తూలే యాత్ర (1916-1918)

ఉత్తర తీరాన్ని పటంలో చేర్చటం ఈ యాత్ర లక్ష్యం. ఏడుగురు వెళ్ళగా ఇద్దరు తిరిగి రాలేదు. గ్రీన్‌లాండ్ వాసి హెండ్రిక్ ఓల్సెన్ వేటకు వెళ్ళి అదృశ్యమయ్యాడు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు థోరిల్డ్ వుల్ఫ్ తిరుగు ప్రయాణంలో ఆకలితో నీరసించి, నడవలేక మరణించాడు. ఆ సమయంలో రాస్ముసెన్ సహాయం తెచ్చేందుకు ముందుగా వెళ్ళి ఉన్నాడు.

ఐదవ తూలే యాత్ర (1921-1924)

రాస్ముసెన్ యాత్రలన్నింటిలో ఇది గొప్పది. ఇందులో కాయ్ బిర్కెట్-స్మిత్, థెర్కెల్ మాథియాసెన్ వంటి పరిశోధకులతో పాటు తూలే ఇన్యూట్‌లు కూడా పాల్గొన్నారు. కెనడా ఉత్తర ప్రాంతంలో మాథియాసెన్ జరిపిన త్రవ్వకాలలో ఒక ప్రాచీన తిమింగలపు వేటగాళ్ళ సంస్కృతి బయటపడింది. దీనికే తూలే సంస్కృతి అని పేరు.

1923లో రాస్ముసెన్ ఇద్దరు తూలే వాసులతో పశ్చిమ దిశగా బయలుదేరాడు. వారు మిటెక్ అనే యువ వేటగాడు, అర్నారులుంగ్వాక్ అనే స్త్రీ. ఆమె భర్త యాత్రారంభంలోనే ఇన్‌ఫ్లుయెంజాతో మరణించినా ఆమె వెనుదిరగలేదు. దారి పొడవునా వంట, తోలు దుస్తులు కుట్టటం, బాగుచేయటం ఆమె చూసుకునేది. ఆ చలిలో దుస్తులు చినిగితే ప్రాణానికే ముప్పు. ముగ్గురూ 1924లో అలాస్కా చేరుకున్నారు. సైబీరియాలో కూడా పరిశోధన సాగించాలని రాస్ముసెన్ ఆశించాడు కాని, సోవియట్ అధికారుల అనుమతి లభించలేదు.

తన గ్రీన్‌లాండ్ భాషతోనే ఇతడు ఉత్తర కెనడా, ఉత్తర అలాస్కా ప్రజలతో సంభాషించగలిగాడు. ఇగ్లూలిక్ ప్రాంతంలో ఆవా అనే షామన్ (మంత్రవేత్త) నుండి ఆత్మలను గురించిన విశ్వాసాలను, నిషేధాలను సేకరించాడు. 1845లో బయలుదేరి నశించిన బ్రిటిష్ నావికుడు జాన్ ఫ్రాంక్లిన్ బృందాన్ని గురించి నెట్సిలిక్ వృద్ధులు తరతరాలుగా చెప్పుకుంటున్న కథలను విన్నాడు. వారు చెప్పిన చోట ఆ నావికుల ఎముకలను కనుగొని ఖననం చేశాడు.

ఇన్యూట్ సంస్కృతి కెనడా లోతట్టు ప్రాంతంలో పుట్టి తీరానికి వ్యాపించిందని రాస్ముసెన్, బిర్కెట్-స్మిత్ భావించారు. తరువాతి పరిశోధనలు దీనిని సమర్థించలేదు. ఇన్యూట్‌ల పూర్వీకులు అలాస్కా ప్రాంతం నుండి తూర్పుకు వచ్చారని నేడు అంగీకరిస్తున్నారు. సిద్ధాంతం నిలవకపోయినా ఇతడు సేకరించిన సమాచారం విలువ తగ్గలేదు. బడులు, క్రైస్తవ ప్రచారం, వర్తకం వచ్చి పాత ఆచారాలు మరుగున పడుతున్న కాలంలో అది నమోదయింది. ఆ మార్పుకు తూలే వర్తక కేంద్రం కూడా ఒక కారణమే.

చివరి యాత్రలు, మరణము

తూర్పు గ్రీన్‌లాండ్‌లో కొంత భాగాన్ని నార్వే 1931లో తనదిగా ప్రకటించుకున్నది. అదే ఏడు మొదలుపెట్టి ఆరవ, ఏడవ యాత్రలలో రాస్ముసెన్ ఆగ్నేయ తీరంలో పనిచేశాడు. 1933 ఏప్రిల్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం డెన్మార్క్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఏడవ యాత్రలో ఆహారం విషతుల్యమై రాస్ముసెన్ జబ్బుపడ్డాడు. తరువాత న్యుమోనియా సోకి, 1933 డిసెంబర్ 21న డెన్మార్క్‌లో తన 54వ ఏట మరణించాడు. తూర్పు గ్రీన్‌లాండ్ ప్రజలే నటించిన, ఇతడు కథ సమకూర్చిన పాలో పెళ్ళి అనే చలనచిత్రం 1934లో విడుదలయింది.

గౌరవాలు, అనంతర చరిత్ర

1923లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం, 1924లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇతనికి లభించాయి.

తూలే కేంద్రాన్ని 1937లో డెన్మార్క్ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1951లో అమెరికా అక్కడ వైమానిక స్థావరం నిర్మించింది. 1953లో ఆ ఊరి ప్రజలను నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న కానాక్‌కు తరలించారు. ఇందుకు పరిహారం చెల్లించాలని 1999లో డెన్మార్క్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఈ స్థావరం పేరును 2023లో పిటుఫిక్‌గా మార్చారు. రాస్ముసెన్ పుట్టిన ఇల్లు ఇలులిస్సాట్‌లో మ్యూజియంగా మారింది. ఇతని సాహిత్య సేకరణలు ఇన్యూట్‌ల పూర్వ చరిత్రకు ముఖ్యమైన ఆధారాలుగా ఉపయోగపడుతున్నాయి.