రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు

ఒక మహనీయుని జీవితం గురించి రాసిమ్మని సావనీర్ కమిటీ వారు అడిగినప్పుడు, ఇంజనీరును కనుక మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి రాస్తాననే అనుకున్నారు. ఆయన గురించి రాయడానికి మన సంఘంలో నాకన్నా పెద్ద ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. నేను న్యాయపతి రాఘవరావు గారిని ఎంచుకున్నాను. అసలు పేరు చెబితే గుర్తుపట్టనివాళ్లు కూడా రేడియో అన్నయ్య అంటే గుర్తుపడతారు, కనీసం నా ఈడువాళ్లు.

దీనికి ఒక కారణం ఉంది. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన బడి టీచర్లు సంఘాన్ని ఒక సాయం అడిగారు. పిల్లలకు లెక్కలు వస్తున్నాయి, కంప్యూటరు వస్తోంది. పక్కపిల్లవాడితో తగువు పడితే మళ్లీ ఎలా కలవాలో మాత్రం రావడం లేదట. ఒక సంస్థ వారు వచ్చి నవ్వే ముఖాలు, ఏడ్చే ముఖాలు అచ్చేసిన అట్టల పెట్టె ఒకటి చూపించి, తలకు ఇంత అని ధర చెప్పి వెళ్లారు. మన నిధి నుంచి అది కొనాలా వద్దా అని కమిటీలో చర్చ సాగుతోంది. ఆ చర్చ వింటున్నంతసేపూ నాకు రాఘవరావు గారే గుర్తొచ్చారు. ఈ పనిని ఆయన ఎనభై ఏళ్ల క్రితమే, అట్టల పెట్టె లేకుండా, తెలుగులో చేశారు.

ఆయన 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు రాజధానిలోదే. మద్రాసు చేరి పత్రికా రంగంలో పనిచేశారు. అక్కడే ఉండిపోయి ఉంటే మంచి పాత్రికేయుడుగా మిగిలేవారేమో. 1938 జూన్ 16న ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. అందులో తెలుగు పిల్లల కార్యక్రమం ఆయన చేతికి వచ్చింది. భార్య కామేశ్వరి గారు తోడుగా నిలిచారు. అలా ఆయన అన్నయ్య, ఆవిడ అక్కయ్య అయ్యారు. ఆ దంపతులకు సంతానం లేదు. తెలుగు దేశంలోని పిల్లలందరూ వాళ్లను అవే వరసలతో పిలిచారు.

ఈ వరసల సంగతి దగ్గర కాస్త ఆగాలి. మాస్టారు అని పిలిపించుకోవచ్చు, మామయ్య అనిపించుకోవచ్చు, ఏమీ లేకపోతే అనౌన్సరు అని ఊరుకోవచ్చు. అన్నయ్య అంటే అదే ఇంట్లో, అదే పంక్తిలో కూర్చుని తినేవాడు. చనువు ఉంటుంది, అవసరమైతే మందలించే హక్కూ ఉంటుంది. ఆ ఇద్దరికీ అంతా ఒక ఇంటి పిల్లలే కనుక, తమలో తాము తోబుట్టువులైపోతారు. స్నేహం నేర్పడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు పద్ధతి నాకు తెలియదు. ఒక పిలుపు మారిస్తే చాలు.

రెండోది మైకు. ఇక్కడ నా వృత్తి దృష్టితో ఒక మాట చెప్పనివ్వండి. ఆ రోజుల్లో టేపు రికార్డింగు లేదు. నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టే గాలిలోకి పోయేది. పాట మధ్యలో పిల్ల మరిచిపోతే, నాటకంలో పిల్లవాడు నాలుక కరుచుకుంటే, కోసి అతికించే వీలు లేదు. అయినా ఆయన పెద్దవాళ్ల చేత పిల్లల గొంతులు పలికించకుండా, పిల్లలనే మైకు ముందు నిలబెట్టారు. అలా చేయాలంటే ముందుగా తడబాటును ఎవరూ ఎగతాళి చేయని వాతావరణం తయారుచేసుకోవాలి. ఒకడు ఆగితే ఇంకొకడు అందుకోవాలి. అందుకోవాలంటే పక్కవాడు చెప్పేది చెవిపెట్టి వింటూ ఉండాలి. ఇప్పుడు మన కంపెనీల్లో రెండు రోజుల వర్క్‌షాపులు పెట్టి ఇంజనీర్లకు నేర్పుతున్నది ఇదే. పాతికేళ్లు దాటిన వాళ్లకు, అదీ ఆలస్యంగా.

ఆ కార్యక్రమానికి వచ్చే పిల్లలతోనే 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం ఏర్పడింది. రేడియోలో గడిపేది వారానికి కొద్దిసేపే. సంఘమంటే ఆటలు, పాటలు, నాటికలు, నృత్యాలు, కలిసి కూర్చోవడం. చిత్రమేమిటంటే, దాదాపు అదే సమయంలో, 1939 చివర్లో, మరియా మాంటిసోరి మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు. పశ్చిమాన భావనగరంలో గిజూభాయి బధేకా అప్పటికే బాలమందిరం నడిపి కన్నుమూశారు. పిల్లవాణ్ణి మనిషిగా చూడాలన్న ఆలోచన దేశంలో అటూ ఇటూ మొలకెత్తుతున్న కాలమది. అయితే వాళ్లిద్దరూ బడి లోపల పనిచేశారు. రాఘవరావు గారికి బడి లేదు, హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు. పిల్లవాడికి నచ్చకపోతే రేడియో కట్టేసి గోళీలాటకు పోతాడు. ఆ షరతు మీద ఆయన దశాబ్దాలపాటు నెగ్గుకొచ్చారు.

యుద్ధం ముదిరి, 1942 వేసవిలో జపాను బాంబుల భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. కుటుంబాలు ఊళ్లకు చెదిరిపోయాయి. యుద్ధం ముగిసిన నెలలోనే, 1945 ఆగస్టులో, ఆ దంపతులు ‘బాల’ మాసపత్రిక ప్రారంభించారు. రేడియో కొనుక్కోలేని ఇళ్లే ఎక్కువ. అక్కడికి పత్రిక వెళ్లింది. పెద్దలు రాసి పిల్లలకు వడ్డించడంతో సరిపెట్టకుండా పిల్లల రచనలు వేశారు, పిల్లల బొమ్మలు వేశారు. ఆ మొదటి రోజుల్లోనే ‘అమ్మ మాట వినకపోతే’ అనే కథ అందులో అచ్చయింది. రాసిన కుర్రవాడు ముళ్లపూడి వెంకటరమణ, వయసు పద్నాలుగు. ‘బాల’లో బొమ్మలు వేసిన ఇంకో కుర్రవాడు బాపు, ఆయన అంతకన్నా రెండేళ్లు చిన్న. ఆ ఇద్దరి స్నేహం ఎంతకాలం నిలిచిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2011లో రమణ గారు పోయేదాకా తెలుగువాళ్లు ఆ రెండు పేర్లను విడదీసి పలకలేదు. ఆ స్నేహాన్ని రాఘవరావు గారే కల్పించారని నేను అనడం లేదు. ఇద్దరు పిల్లలు ఒకరి పనిని ఒకరు మెచ్చుకుంటూ ఎదగడానికి చోటు కావాలి. ఆ చోటు ఆయన ఇచ్చారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అన్నయ్య, అక్కయ్య హైదరాబాదు వచ్చేశారు. సైఫాబాదు ఆకాశవాణి నుంచి బాలానందం వినబడసాగింది. నారాయణగూడ వైపు సంఘం నెలకొంది. అప్పటికి మన అమీర్‌పేట, పంజాగుట్ట ఊరి శివార్లే. కొత్త రాజధానికి కర్నూలు నుంచి, కోస్తా నుంచి ఉద్యోగుల కుటుంబాలు దిగాయి. ఇక్కడి పిల్లల తెలుగు ఒకటి, వచ్చినవాళ్ల తెలుగు ఇంకొకటి, బడిలో ఉర్దూ సరేసరి. యాసను వెక్కిరించడం పిల్లలకు పెద్దలనుంచే అబ్బుతుంది. అలాంటి ఊళ్లో అన్ని ఇళ్ల పిల్లలూ కలిసి పాడే వేదిక ఒకటి ఉండడం చిన్న విషయం కాదు. డెబ్బైల చివర్లో అమీర్‌పేటలోని మా ఇంట్లో మర్ఫీ రేడియో ముందు ఆదివారం మధ్యాహ్నం చేరిన ఆరుగురిలో, పక్క వాటాలోని కన్నడం పిల్లలు ఇద్దరు, ఎదురింటి ఉర్దూ మాట్లాడే అబ్బాయి ఒకడు ఉండేవాళ్లం. మొదటి పాట వినపడగానే ఎవరి గొడవలు వాళ్లు ఆపేవాళ్లు.

కామేశ్వరి గారు 1980లో కన్నుమూశారు. నలభై ఏళ్లు పక్కన వినిపించిన గొంతు ఆగిపోయాక ఆయన నాలుగేళ్లే ఉన్నారు. 1984 ఫిబ్రవరి 24న వెళ్లిపోయారు. అప్పటికి మన బ్యాచి హైస్కూల్లో ఉంది. పేపరులో చూసి మా తెలుగు మాస్టారు ఆ పీరియడ్ పాఠం చెప్పకుండా, మాలో ఒక్కొక్కరిని లేపి చిన్నప్పుడు విన్న కథ ఒకటి చెప్పించారు.

ఇక మన సంగతి. ఇప్పుడు మన బడి ఉన్న చోటు మీరంతా చూస్తూనే ఉన్నారు. మెట్రో రెండు లైన్లు అమీర్‌పేటలోనే కలుస్తాయి. మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు హాస్టళ్లలో సర్దుకుంటున్నారు. అలాంటి పిల్లలను నేను ఏటా ఇంటర్వ్యూ చేస్తాను. ప్రోగ్రాము రాయమంటే రాస్తారు. టీమ్‌లో మనసు నొచ్చుకుంటే ఆ మాట చెప్పడం రాదు. మౌనంగా రాజీనామా పంపిస్తారు. కొందరు ఇంకా పెద్ద నిర్ణయాలు తీసుకున్న వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

జూన్ నుంచి మా బ్యాచివాళ్లం నలుగురం, టీచర్ల అనుమతితో, శనివారం మధ్యాహ్నం ఒక గంట అయిదో తరగతి పిల్లలతో కూర్చుంటున్నాం. అన్నీ అన్నయ్య దగ్గర అప్పు తెచ్చుకున్నవే. మేము సార్లం కాదు, అన్నయ్యలం. (నా జుట్టు చూసి తాతయ్య అన్న పాపను ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది.) చేతిలో ఉత్తుత్తి మైకు, అంటే వెదురు కర్రకు బంతి గుచ్చింది, ఎవరి దగ్గర ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఒకడు తన వారం ఎలా గడిచిందో పక్కవాడికి చెబుతాడు. పక్కవాడు దాన్ని అందరికీ వినిపిస్తాడు. చెప్పినవాడు సరిగ్గా చెప్పావు అంటేనే మైకు ముందుకు కదులుతుంది.

అందులో మాకు ఒకటి తెలిసింది. పిల్లలకు శాడ్, యాంగ్రీ, బోర్ తప్ప వేరే మాటలు లేవు. తెలుగులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి: అలక, బెంగ, ఉక్రోషం, బెరుకు, కినుక, మొహమాటం, కుళ్లుమోతుతనం, చిన్నబుచ్చుకోవడం. వారానికి ఒక మాట ఇస్తున్నాం. అలకకు, కోపానికి తేడా ఏమిటంటే, అలిగినవాణ్ణి ఎవరైనా వచ్చి బతిమాలాలి అని ఒక పాప చెప్పింది. ఆ వారం తరగతిలో అలిగిన ఇద్దరిని మిగతావాళ్లు పోటీపడి బతిమాలారట. బీహారు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నెలన్నరపాటు మైకు అందుకోగానే పక్కకు ఇచ్చేశాడు. వాడిని ఎవరూ తొందర పెట్టలేదు. ఏడో శనివారం దాన్ని పట్టుకుని, బెంగ అన్న ఒక్క మాట చెప్పి ఇచ్చేశాడు. ఎవరి మీద అని వాడి పక్కన కూర్చునే అబ్బాయి అడిగాడు, మేము కాదు.

అట్టల పెట్టె సంగతి కమిటీ తేల్చుకుంటుంది. నా ఓటు మాత్రం చాపలకు, ఒక హార్మోనియానికి. శనివారం రెండు గంటలకు ఇంకో నలుగురు పూర్వ విద్యార్థులు రాగలిగితే నాలుగో తరగతి వాళ్లను కూడా కూర్చోబెట్టవచ్చు. పాట వచ్చినవాళ్లు అయితే మరీ మంచిది, మా నలుగురిలో ఎవరికీ శ్రుతి లేదు.